ఎక్కడి దాక పోయింది?

సాయంత్రం ఏడింటప్పుడు పాలమూరు నుంచి మనవరాలు ఫోన్ చేసింది. ఎట్లున్నావని కూడా అడగలేదు. "తాతా, పోతలేదు" అంది.

ఏం పోతలేదో నాకు అర్థమైంది. మా అల్లుడికి మహబూబ్‌నగర్‌లో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్ షీట్లు కంప్యూటర్ మీద తయారుచేసి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కు నెట్ మీదనే పంపుతాడు. వాళ్లు ప్రింటు తీసి, బైండింగ్ చేసి బస్సు పార్సిల్‌లో వేస్తారు. ఒడిబియ్యం నాటికి ఆల్బమ్ చేతిలో పెడతానని అల్లుడు పెళ్లివారికి మాటిచ్చాడు. గంట నుంచి కంప్యూటర్ ముందు కూచున్నా ఒక్క షీటూ కదలలేదు. అందుకే బిడ్డ గొంతులో ఆ తొందర.

"పోతలేదు సరే బిడ్డా. ఎక్కడి దాక పోయింది?" అన్నాను.

"అది ఎట్ల తెలుస్తది తాతా? పోతలేదు, అంతే."

తెలుస్తది. ఆ రాత్రి మేమిద్దరం ఫోన్‌లో గంటన్నర కూచుని తెలుసుకున్నదంతా ఇక్కడ తీరిగ్గా చెప్తాను. ఫైలు పోకపోవడం ఇప్పుడు ప్రతి ఇంటికీ, ప్రతి దుకాణానికీ వచ్చే కష్టం. నాకు ఈ విద్య కంప్యూటర్ దగ్గర అబ్బలేదు, కాలువ గట్టు మీద అబ్బింది.

మా ఊరు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. నాకు బుద్ధి తెలిసేనాటికి నీళ్లు వచ్చాయా లేదా అన్నదే ఇంట్లో రోజూ మాట. మడి తడవలేదంటే మా నాయన ఒక చేత లాంతరు, ఒక చేత పార పట్టుకుని గట్టెంట ఎగువకు నడిచేవాడు. వెనక నేను. ముందు మా పంట కాలువ చూసేవాడు. అది ఎండిపోయి ఉంటే మైనరు కాలువ మీది తూము దగ్గరికి పోయేవాడు. తూము దగ్గర నీళ్లుంటే తప్పు తూముకూ మడికీ నడుమనే ఉన్నట్టు. ఎండ్రకాయ బొక్క పడి ఉంటుంది, జమ్ము అడ్డం పడి ఉంటుంది, లేదంటే ఎవరో మట్టి పెళ్లలు వేసి తమ మడికి తిప్పుకుని ఉంటారు. తూము దగ్గరా లేకుంటే ఇంకా పైకి, మేజరు కాలువ దాక నడక. అక్కడ లస్కర్ కనబడి "పైనుంచే తక్కువ ఇడిసిన్రు" అంటే ఇక పార భుజాన వేసుకుని వెనక్కి మళ్లడమే. నీళ్లు ఎందుకు రాలేదని మా నాయన ఇంట్లో కూచుని వాదించగా నేను చూడలేదు. ఎక్కడి దాక వచ్చాయో కళ్లారా చూసి వచ్చేవాడు. అది తెలిస్తే ఎందుకన్నది దానంతటదే తెలిసేది.

పెద్దయ్యాక నల్లగొండలో టెలిఫోన్ లైన్ల పనిలో చేరాను. అక్కడా ఇదే నడక. ఇంట్లో ఫోను మూగబోతే ముందు ఆ వీధిలోని డీపీ పెట్టె తెరిచి టోన్ వినాలి. అక్కడ టోన్ ఉంటే ఇంటికి పోయే తీగ తప్పు. లేకుంటే పిల్లర్ దగ్గరికి, ఆ తర్వాత కేబినెట్, చివరికి ఎక్స్ఛేంజి. వానాకాలంలో జాయింట్లలో నీళ్లు దిగితే రోజుకు పదిహేను ఇళ్లు తిరిగేవాణ్ని. దారిని నడుమకు విరవడం అప్పుడు నేర్చుకున్నాను. మధ్యలో ఒక చోట టోన్ వింటే చాలు, సగం దారి మీద అనుమానం పోతుంది.

కాబట్టి బిడ్డకు మొదట చెప్పింది: వైరు కంప్యూటర్‌లోకి దూరే చోట చిన్న దీపం వెలుగుతుందా చూడమ్మా. వెలుగుతుంది. ఇప్పుడు నల్ల కిటికీ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టు, ఏ నంబరు వచ్చింది? 192.168.1.7. మంచిది. అదే 169.254 తో మొదలయ్యే నంబరు వచ్చిందనుకోండి, కంప్యూటర్ రౌటర్‌ను అడ్రసు అడిగిందని, రౌటర్ పలకలేదని, ఇక చేసేది లేక తనకు తానే ఒక నంబరు పెట్టుకుందని అర్థం. ఆ నంబరు కనబడితే హైదరాబాద్ దాక ఆలోచించే పని లేదు. తప్పు మీ గదిలోనే ఉంది.

తర్వాత పింగ్. దీని కథ నాకు చాలా ఇష్టం. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయనకు నెట్‌వర్క్‌లో ఏదో తిక్క కనబడింది. అది ఎక్కడుందో పట్టుకోవాలని ఒక్క రాత్రిలో చిన్న ప్రోగ్రామ్ రాశాడు. జలాంతర్గాములు నీటిలోకి చప్పుడు పంపి, అది దేనికో తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని విని దూరం కొలుస్తాయి గదా, ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. మన రాచకొండ గుట్టల్లో నిలబడి "ఓ" అని కేక వేస్తే ఎదుటి బండ "ఓ" అంటుంది. ఎంతసేపటికి అందో లెక్కపెడితే బండ ఎంత దూరమో తెలుస్తుంది. పింగ్ చేసేదీ అంతే. ఒక చిన్న పొట్లం పంపుతుంది, అవతలి యంత్రం దాన్ని అట్లాగే తిప్పి పంపుతుంది, మధ్యలో ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో మనకు చూపిస్తుంది.

బిడ్డ ముందు ఇంట్లోని రౌటర్‌కు, 192.168.1.1 కి పింగ్ కొట్టింది. ఒక మిల్లీసెకను. తర్వాత ల్యాబ్ అడ్రసుకు కొట్టింది. 24 మిల్లీసెకన్లు.

"తాతా, హైదరాబాద్ వంద కిలోమీటర్లే గదా. అంత టైం ఎందుకు?"

మంచి ప్రశ్న. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోను వంద, రాను వంద, మొత్తం 200 కిలోమీటర్లకు ఒక్క మిల్లీసెకను చాలు. మరి 24 ఎందుకయ్యాయంటే, కొంత సమయం దారిలోని రౌటర్ల దగ్గర పోతుంది. రెండో కారణం, మన మాట తిన్నగా జడ్చర్ల మీదుగా హైదరాబాద్ పోవాలన్న నియమం లేదు. మనకు నెట్ ఇచ్చేవాళ్లూ ల్యాబ్‌కు నెట్ ఇచ్చేవాళ్లూ ఎక్కడ కలుసుకుంటే అక్కడిదాక పోయి మళ్లీ రావాలి. అది చెన్నై కావచ్చు, ముంబయి కావచ్చు. పాలమూరు బిడ్డలకు ముంబయి దారి కొత్తది కాదు, తాతముత్తాతల నాటి నుంచి కూలికి ఆ దారినే పోయారు. ఫోటోలూ అదే దారి పట్టవచ్చునని చెప్తే బిడ్డ కాసేపు మాట్లాడలేదు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పింగ్‌కు జవాబు రాలేదంటే అవతలి యంత్రం చచ్చిపోయిందని తీర్మానించకూడదు. కొందరు కావాలనే పింగ్‌కు బదులివ్వొద్దని పెట్టుకుంటారు. జవాబు వస్తే మాత్రం దారి ఉన్నట్టే.

ఇక్కడికి సగం దారి తేలింది. తీగ బాగుంది, రౌటర్ బాగుంది, హైదరాబాద్ దాక మాట పోతుంది, వస్తుంది. "ఇప్పుడు ఫైలు పంపే సాఫ్ట్‌వేర్ ఏమంటుందో అక్షరం పొల్లుపోకుండా చదువు" అన్నాను. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. తెర మీద ఎర్రగా ఏదో రాగానే మూసేసి మళ్లీ నొక్కుతారు, మళ్లీ మూసేస్తారు. ఆ ఎర్ర వాక్యం యంత్రం మనకు ఇచ్చే వాంగ్మూలం. డాక్టరు దగ్గర రోగి నోరు మూసేస్తే రోగం ఎట్లా తెలుస్తుంది?

ముఖ్యంగా రెండు మాటల తేడా తెలియాలి. ఒకటి "కనెక్షన్ రిఫ్యూజ్డ్", ఇంకొకటి "కనెక్షన్ టైమ్డ్ అవుట్". రెండింటికీ ఫైలు పోలేదన్నదే ఫలితం. కానీ వాటి మధ్య తేడా చాలా ఉంది. మీరు ఎవరింటికో పోయి తలుపు తట్టారనుకోండి. లోపలి నుంచి ఎవరో "ఆయన లేడు, మళ్లీ రాండ్రి" అన్నారు. అది రిఫ్యూజ్డ్. మీరు సరైన ఊరికే వచ్చారు, ఇల్లు ఉంది, ఇంట్లో మనిషి ఉన్నాడు, మీకు కావలసినవాడు మాత్రం లేడు. అంటే ఆ యంత్రం పలికింది, ఫైళ్లు తీసుకునే ప్రోగ్రామ్ మాత్రం అక్కడ నడవడం లేదు, లేదా మీరు వేరే తలుపు తట్టారు. ఈ జవాబు వెంటనే వస్తుంది, కన్ను మూసి తెరిచేలోగా. రెండోది అట్లా కాదు. తలుపు తడతారు, నిలబడతారు, మళ్లీ తడతారు, ఉలుకూ పలుకూ లేదు. ఇల్లు పాడుబడ్డదై ఉండొచ్చు, అడ్రసే తప్పై ఉండొచ్చు, లేదా గేటు దగ్గర వాచ్‌మన్ మీ చీటీ తీసుకుని లోపలికి చెప్పకుండా జేబులో వేసుకుని ఉండొచ్చు. ఆ వాచ్‌మన్ పేరే ఫైర్‌వాల్. ఎంతసేపటికి జవాబు వచ్చిందన్నది కూడా ఒక ఆనవాలు. అందుకే చేతి గడియారం చూసుకోమని బిడ్డకు చెప్పాను.

తలుపులన్నాను గదా, వాటిని పోర్టులంటారు. ఒక్కో యంత్రానికి 65 వేల పైచిలుకు ఉంటాయి. వెబ్ పేజీలకు 80, 443. ఒకే ఆఫీసులో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు ఫోల్డర్ షేర్ చేసుకుంటే 445. అల్లుడు వాడే పద్ధతి ఎఫ్‌టీపీ, దాని తలుపు 21.

బిడ్డ చదివింది. 21వ తలుపు తెరుచుకుంది. పేరు, పాస్‌వర్డ్ తీసుకుంది, 230 అని జవాబిచ్చింది. ఎఫ్‌టీపీలో ప్రతి జవాబుకూ మూడంకెల నంబరు ఉంటుంది. మొదటి అంకె చూస్తే చాలు. 2 అయితే పని అయింది, 3 అయితే ఇంకొంచెం చెప్పు, 4 అయితే ఇప్పుడు కాలేదు మళ్లీ ప్రయత్నించు, 5 అయితే ఈ విధంగా ఎన్నిసార్లు చేసినా కాదు. 530 వస్తే పాస్‌వర్డ్ తప్పు. అప్పుడు వైర్లు పీకి పెట్టడం వృథా, ఎందుకంటే మీరు అవతలి ఇంట్లోకి పోయి, మనిషితో మాట్లాడి, ఆ మనిషి చేత కాదనిపించుకున్నారు. ఇంతకన్నా మంచి దారి ఏముంటుంది?

మరి 230 వచ్చాక ఎందుకు ఆగింది? దీనికి కొంచెం వెనక్కి పోవాలి.

ఫైళ్లు పంపుకునే ఈ పద్ధతికి మొదటి రూపం రాసింది మన దేశస్థుడే. పేరు అభయ్ భూషణ్. అలహాబాద్‌లో పుట్టాడు, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివాడు, అక్కడి నుంచి అమెరికాలో ఎంఐటీకి పోయాడు. 1971 ఏప్రిల్ 16న ఆయన రాసిన పత్రం వచ్చింది. అప్పటికి నెట్‌వర్క్ అంటే కొద్ది విశ్వవిద్యాలయాల్లోని కొద్ది యంత్రాలు. తర్వాత పలువురు సవరించి 1985 అక్టోబరులో దానికి ఇప్పటి రూపమిచ్చారు. ఇందులో ముఖ్యమైన ఏర్పాటు ఒకటుంది. మాటలకు ఒక తీగ, సరుకుకు ఇంకో తీగ. 21వ తలుపు గుండా ఆజ్ఞలు మాత్రమే నడుస్తాయి. ఫైలు పోవాలంటే అప్పటికప్పుడు రెండో కనెక్షన్ తెరుచుకోవాలి. మొదట్లో ఈ రెండో కనెక్షన్‌ను అవతలి యంత్రమే మన వైపు తెరిచేది. నువ్వు దుకాణానికి ఫోన్ చేసి సరుకులు చెప్తే, షావుకారు మనిషిని మీ ఇంటికి పంపినట్టు.

ఆ రోజుల్లో ప్రతి యంత్రానికీ లోకమంతటికీ తెలిసిన సొంత అడ్రసు ఉండేది కాబట్టి సరిపోయింది. ఆ అడ్రసులు మొత్తం 430 కోట్లకు లోపే. జనం పెరిగారు, అడ్రసులు చాలవని భయం పట్టుకుంది. 1994లో ఒక ఉపాయం పత్రంగా వచ్చింది. ఇంటికంతా బయటికి ఒకటే అడ్రసు, లోపల ఎవరికి వాళ్లకు ముద్దుపేర్లు. 192.168 తో మొదలయ్యేవన్నీ ముద్దుపేర్లే. మన ఇంట్లో పిల్లను చిట్టి అంటాం, పక్క ఊళ్లోనూ ఒక చిట్టి ఉంటుంది, ఎవరూ తికమక పడరు. కానీ ఉత్తరం మీద "చిట్టికి" అని మాత్రమే రాసి డబ్బాలో వేస్తే పోస్టుమన్ ఏం చేస్తాడు? ఇప్పుడు షావుకారు పంపిన మనిషి మన రౌటర్ గుమ్మం దాక వచ్చి నిలబడతాడు. లోపల ఎవరి కోసమో రౌటర్‌కు తెలియదు, రానివ్వదు. అందుకని రెండో పద్ధతి వాడుకలోకి వచ్చింది, పాసివ్ అంటారు. "నువ్వు మనిషిని పంపకు, ఏ కౌంటర్ దగ్గరికి రావాలో చెప్పు, నేనే వస్తా" అంటుంది మన కంప్యూటర్. అప్పుడు అవతలి యంత్రం 227 అని చెప్పి, ఆరు సంఖ్యలిస్తుంది.

"ఉన్నది తాతా, 227 ఉన్నది" అంది బిడ్డ. "దాని పక్కన 192, 168, 0, 5, 195, 149."

నేను కాగితం తీసుకున్నాను. మొదటి నాలుగూ అడ్రసు, చివరి రెండూ తలుపు నంబరు. 195ను 256తో గుణించి 149 కలపాలి. "లెక్క నువ్వే చెయ్యి బిడ్డా" అన్నాను. 49,920, దానికి 149 కలిపితే 50,069. అది 50,069వ తలుపు దగ్గరికి రమ్మంది. తలుపు సరే. ఏ ఇంటి తలుపు?

కొంచెంసేపు ఫోన్‌లో నిశ్శబ్దం. తర్వాత కేక వినబడింది: "తాతా! అది ముద్దుపేరు!"

అదే. ల్యాబ్‌లోని కంప్యూటర్ తన రౌటర్ వెనక కూచుని, తనను ఇంట్లో పిలిచే పేరే బయటివాళ్లకు చెప్తోంది. పాలమూరులో ఉన్న మన కంప్యూటర్ ఆ 192.168.0.5 ని ఎక్కడని వెతుకుతుంది? ఇరవై సెకన్లు వెతికి టైమ్డ్ అవుట్ అంటోంది. గంట నుంచి అల్లుడు తన వైరు మార్చి, తన రౌటర్ ఆపి, తన కంప్యూటర్ మళ్లీ మళ్లీ ఆన్ చేస్తున్నాడు. తప్పు ఆయన దగ్గర లేనేలేదు. ల్యాబ్ అబ్బాయికి ఫోన్ చేసి "నెట్ వస్తలేదు" అని చెప్పవద్దన్నాను. 227 వాక్యం ఫొటో తీసి పంపమన్నాను. ఆ ఉదయమే సర్వర్ మార్చారట. అబ్బాయి చూసీ చూడగానే పట్టేశాడు. సర్వర్ సెట్టింగుల్లో బయటి అడ్రసు రాసి, ఆ తలుపుల వరుసను తమ ఫైర్‌వాల్‌లో తెరిచాడు. పది నిమిషాల పని. ఫలానా చోటి దాక వచ్చి ఆగిందని చెప్పినవాడి మాటకు అవతలివాడు వెంటనే లేస్తాడు. నా లైన్ల కాలమంతా నేను చూసింది ఇదే.

ఇట్లాంటిదే ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే దీని దగ్గర తెలివైనవాళ్లు కూడా చిక్కుకుంటారు. అంతకుముందు ఎండాకాలంలో అదే స్టూడియోలో కొత్త నెట్ పెట్టించాక ఒక వింత జరిగింది. ఆర్డరు వివరాల చిన్న ఫైలు పోతుంది, ఫొటో మాత్రం సున్నా శాతం దగ్గర నిలబడిపోతుంది. దారి ఉన్నట్టా, లేనట్టా?

నెట్ మీద ఏదీ ఏకంగా పోదు, పొట్లాలు పొట్లాలుగా పోతుంది. మామూలుగా ఒక పొట్లం 1500 బైట్ల దాక ఉండొచ్చు. కొన్ని కనెక్షన్లలో పొట్లానికి పైన ఇంకో కవరు తొడుగుతారు, దానికి 8 బైట్లు పోతాయి. ఇక మిగిలేది 1492. వరికోత మిషను ఎక్కించుకున్న లారీ రైల్వే వంతెన కిందికి వచ్చిందనుకోండి. సైకిలు పోతుంది, ఆటో పోతుంది, ట్రాక్టరు పోతుంది, ఈ లారీ పై భాగం జానెడు తగులుతుంది. పద్ధతి ప్రకారం వంతెన దగ్గర ఉన్నవాడు "ఇంత ఎత్తు పోదు, తగ్గించుకుని రా" అని కబురు పంపాలి. నెట్‌లోనూ ఆ కబురు ఉంది. కానీ ఆ కబురు, పింగ్ జవాబు, రెండూ ఒకే రకం పొట్లాలు. పింగ్ అంటే భయపడి ఎవరో దారిలో ఆ రకాన్నంతా ఆపేస్తే కబురు కూడా ఆగిపోతుంది. పెద్ద పొట్లాలు ఒక్కొక్కటే పోయి మాయమవుతుంటాయి, పంపేవాడికి ఎందుకో తెలియదు. చిన్న ఫైలు పోయి పెద్దది ఆగితే ముందు ఇదే అనుమానించాలి.

పట్టుకోవడం సులువు. పింగ్‌కు పొట్లం సైజు చెప్పి, మధ్యలో విరవొద్దని షరతు పెట్టవచ్చు. 1472 పెట్టాం, దానికి తలకట్టు 28 కలిసి 1500 అవుతుంది. జవాబు లేదు. 1400 పెట్టాం, జవాబు వచ్చింది. 1450, వచ్చింది. 1464, వచ్చింది. 1465, లేదు. 1464కు 28 కలిపితే 1492. వంతెన ఎత్తు వేలితో తడిమినట్టు తెలిసిపోయింది. రౌటర్‌లో ఆ అంకె వేశాం, ఫొటోలు కదిలాయి. గట్టెంట నడిచి తూము వెడల్పు కొలిచినంత తృప్తి కలిగింది నాకు.

పోయింది కానీ చెడిపోయింది అన్నవాళ్లూ ఉంటారు. ఎఫ్‌టీపీలో అక్షరాల పద్ధతి, ఉన్నదున్నట్టు పద్ధతి అని రెండున్నాయి. అక్షరాల ఫైళ్లలో ఒక పంక్తి అయిపోయిందని చెప్పడానికి కొన్ని యంత్రాలు 10 అనే బైటు ఒక్కటే వాడతాయి, విండోస్ 13, 10 రెండూ వాడుతుంది. అక్షరాల పద్ధతిలో పంపితే మధ్యలో వీటిని మార్చేస్తుంది. రాతకు అది మేలు. ఫొటోలో 10 అన్నది పంక్తి చివర కాదు, ఏ పెళ్లికూతురి చీర అంచు రంగో. దానికి ముందు 13 ఇరికిస్తే ఫొటో సగం నుంచి బూడిద రంగు తిరుగుతుంది. కనిపెట్టే ఉపాయం, రెండు చోట్లా బైట్ల లెక్క చూడటం. ఒక బైటుకు 256 విలువలు, కాబట్టి సుమారుగా 256కు ఒకటి 10 అవుతుంది. రెండున్నర కోట్ల బైట్ల ఫొటో అయితే దాదాపు లక్ష బైట్లు ఎక్కువ తూగుతుంది. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లారీ బయల్దేరేటప్పుడు ధర్మకాంటా మీద తూచి చీటీ ఇస్తారు, దించే చోట మళ్లీ తూస్తారు. ఫైలుకూ అట్లా రెండు చీటీలు సరిచూడాలి. తెలుగులో ఫైలు పేరు పెట్టడం నాకెంతో ఇష్టమే అయినా, పాత సర్వర్లకు పంపేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లోనే పెట్టమని అల్లుడికి చెప్పాను. ఒక తెలుగు అక్షరం మూడు బైట్లు తీసుకుంటుంది, పాతవాటికి అది అర్థం కాక ప్రశ్నార్థకాలు పెడతాయి.

నెమ్మదిగా పోతుందన్న ఫిర్యాదుకు చాలాసార్లు తప్పే ఉండదు, లెక్క ఉంటుంది. 20 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 20 ఎంబీ కాదు. నెట్ అమ్మేవాళ్లు బిట్లలో చెప్తారు, ఫైళ్లను మనం బైట్లలో కొలుస్తాం, బైటుకు ఎనిమిది బిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు రెండున్నర ఎంబీ. నలభై షీట్లు, ఒక్కోటి 25 ఎంబీ, మొత్తం వెయ్యి ఎంబీ. 400 సెకన్లు, దగ్గరదగ్గర ఏడు నిమిషాలు.

ఇన్ని చెప్పినా, అల్లుడూ ల్యాబ్ వాళ్లూ ఎఫ్‌టీపీ మానాలనే నా కోరిక. దానిలో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు పోతుంది, దారిలో ఎవరైనా చదవొచ్చు. 1995లో ఫిన్లండ్‌లో తాతు యులోనెన్ అనే పరిశోధకుడు, తమ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలించడం చూసి, మాటలన్నీ తాళం వేసి పంపే ఎస్ఎస్‌హెచ్ తయారుచేశాడు. దానికి తలుపు 22 దొరికింది, ఎఫ్‌టీపీకి పక్క తలుపే. దాని మీద నడిచే ఎస్ఎఫ్‌టీపీలో మాటకూ సరుకుకూ ఒకటే తీగ, కాబట్టి ఆ 227 గొడవే ఉండదు. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని తీసేశాయి. అభయ్ భూషణ్ పని మీద నాకున్న గౌరవం తగ్గదు. యాభై ఏళ్లు మోసింది, ఇక దించుకోవచ్చు.

ఇంకా ఒక చోటు మిగిలింది, అది భూమి లోపల. పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ పైపుల కోసం ఊరూరా కందకాలు తవ్వారు. ఫ్లోరిన్ నీళ్లతో వంకర్లు తిరిగిన కాళ్లను చూసి పెరిగినవాణ్ని, ఆ కందకం మా ఊరికి వచ్చిననాడు గట్టున నిలబడి చూశాను. టీ-ఫైబర్ తీగలు వేయడానికీ ఆ కందకాలనే వాడుకున్నారు. నీళ్ల పక్కనే వెలుగు నడిచే దారి. ఈ తీగలకు పెద్ద శత్రువు జేసీబీ పన్ను.

మొన్న ఒక రాత్రి స్టూడియోలో నెట్ పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. ఎల్ఓఎస్ అని దాని కింద రాసి ఉంటుంది, వెలుగు రావడం లేదని అర్థం. పింగ్ అక్కర్లేదు, అడ్రసు చూడనక్కర్లేదు. ఈసారి బిడ్డ నాకు ఫోన్ చేయలేదు. నెట్ బాగుచేసే అన్నతో మాట్లాడి, నాన్నను తోడు తీసుకుని ఆ నెట్ ఆఫీసుకే పోయింది. అక్కడ ఓటీడీఆర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అది తీగలోకి ఒక వెలుగు తునక పంపి, తెగిన చోటి నుంచి ఎంతసేపటికి మెరుపు తిరిగొచ్చిందో కొలుస్తుంది. మూస్ చేసిన పనే, రాచకొండ బండ చేసే పనే. పోను, రాను కలిపి ఒక మైక్రోసెకను పడితే తెగిన చోటు వంద మీటర్ల దూరంలో ఉన్నట్టు. 120 మైక్రోసెకన్లు వచ్చింది. పన్నెండు కిలోమీటర్లు. జాయింట్ల దగ్గర తీగ చుట్టలు చుట్టి పెడతారు కాబట్టి రోడ్డు మీద అంతకు కొంచెం తక్కువే ఉంటుందని ఆ అన్న లెక్క కట్టి బండి తీశాడట.

రాత్రి పదిన్నరకు నాకు ఫోన్ వచ్చింది. వెనక లారీల చప్పుడు. "తాతా, జడ్చర్లకు ఇవతలి దాక పోయింది. రోడ్డు పక్కన తవ్విన్రు, అక్కడ తెగింది" అంది. టార్చి తనే పట్టుకుందట. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, రంగుల వరుస తప్పకుండా ఏ పోగుకు ఆ పోగు కలుపుతున్నారని, పైపొర ఒలిస్తే ఒక్కో గాజు పోగు వెంట్రుక కంటే ఒకటిన్నర రెట్లు మందం ఉందని, రెండు కొసలనూ మిషన్‌లో ఎదురెదురుగా పెట్టి చిన్న కరెంటు మెరుపుతో కరిగించి అతుకుతున్నారని, మిషన్ తెర మీద ఆ అతుకు కనబడనే లేదని ఆపకుండా చెప్పింది.

పదకొండున్నరకు మెసేజ్ వచ్చింది. మాటలేమీ లేవు, మూడంకెలు: 226. ఎఫ్‌టీపీలో ఫైలు పూర్తిగా చేరింది అనడానికి ఆ నంబరు.